కడబంతి దీపం

చక్కెరనోరు లాంటి బావమరిది ఒక్కడుంటే చాలు, మనిషికి వేరే శత్రువులు అక్కర్లేదు. ఎదురుపడి తిట్టేవాణ్ణి తిరిగి నాలుగు తిట్టి పంపొచ్చు. చాటున గోతులు తవ్వేవాడుంటే చూసుకుని అడుగేయొచ్చు. "బావగారూ, మా కంపెనీకి దీపం మీరే" అంటూ పక్కన కూర్చుని, మాట్లాడుతూ మాట్లాడుతూనే ఉఫ్‌మని ఊదేవాణ్ణి ఏం చేస్తాం? ఆరిపోయాక కూడా ఆ గాలి చల్లగా తగిలిందే అనుకుంటాం.

గడియారానికి జరిగింది అదే.

గడియారం అంటే గోడకు వేలాడేది కాదు, మనిషే. లిఫ్టులు తయారుచేసే కంపెనీలో జుట్టు నల్లగా ఉండగా చేరి, తెల్లబడేదాకా ప్రోగ్రాములు రాసినవాడు. గోరంత చిప్పులో ఇమిడిపోయే సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి రాశాడు. లిఫ్టులో తలుపు తీసే పని ఒకటి, మోటారు తిప్పే పని ఒకటి, మీట నొక్కినవాడి గోడు వినే పని ఒకటి. ఇన్ని పనులకీ ఉన్నది ఒక్కటే చిప్పు. ఎవరి వంతు ఎప్పుడు, ఎవరికి ఎంతసేపు అని కాలాన్ని కోసి పంచే పెత్తనం ఆ సిస్టమ్‌ది. దాన్ని రాసినవాడు గనక ఆయన గడియారం అయ్యాడు. అసలు పేరు జీతాల గుమాస్తాకి కూడా గుర్తుండేది కాదు.

మామగారి తర్వాత కంపెనీ బావమరిది చేతికి వచ్చింది. ఆ కొత్తలోనే గడియారం జబ్బుపడి కొన్ని నెలలు మంచం పట్టాడు. లేచి ఆఫీసుకు వెళ్ళేసరికి ఆయన కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. "మీ సరుకు పాతబడింది బావగారూ. కొత్త సిస్టమ్ తెప్పించాం, మీది తీసేశాం. మీరు ఇంక హాయిగా ఉండండి" అని చెయ్యి పట్టుకుని మరీ గేటుదాకా దిగబెట్టాడు చక్కెరనోరు. అదే కంపెనీలో ప్రోగ్రాములు సరిచూసే పరీక్షల గది మొత్తం తన చేతుల మీద నడిపిన ఇల్లాలు, ఆ సాయంత్రమే తన తాళాలు తమ్ముడి బల్లమీద గిరాటేసి మొగుడి వెంట నడిచి వచ్చేసింది. ఆనాటినుంచి తమ్ముడి పేరెత్తితే చాలు, ఆవిడ నోట్లో పోపు చిటపటలాడుతుంది.

కిందటి వారం మనం గడియారాన్ని ఒక కొత్త ఆస్పత్రి డాబామీద, లిఫ్టు మోటారు గదిలో, తెరిచిన ఇనప పెట్టె ముందు నిలబెట్టి వచ్చాం. ఆయన్ని అక్కడికి పిలిచింది ఆస్పత్రి కరెంటు పని చూసే అమ్మాయి. అందరూ ఆమెను కరెంటమ్మ అంటారు. లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య బిగుసుకుపోయింది. అదృష్టంకొద్దీ లోపల ఎవరూ లేరు. కానీ సాయంత్రానికి పాత భవనంలోని నడవలేని రోగులందరినీ ఈ లిఫ్టులోనే పై వార్డులకు చేర్చాలి. కంపెనీకి ఫోన్ చేస్తే, "పెట్టెలో ఆకుపచ్చ దీపం కొట్టుకుంటోందా? కొట్టుకుంటుంటే అంతా బాగున్నట్టే" అని పెట్టేశారు. అది నమ్మబుద్ధి కాక, తన మీటర్లు బాగుచేసిపెట్టే గడియారానికి కబురు పంపింది. ఆయన వచ్చి పెట్టె తలుపు తీశాడు. లోపల దీపం కొట్టుకుంటోంది.

టక్ టక్... టక్. టక్ టక్... టక్.

గడియారం చేతిలోని టెస్టరు జారి నేలమీద పడింది.

*

టెస్టరు దొర్లుకుంటూ పోయి కరెంటమ్మ చెప్పు దగ్గర ఆగింది. ఆమె దాన్ని తీసి ఇవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయింది. ఆ మొహంనిండా నవ్వు. పళ్ళు కట్టించుకున్నాక ఆయన అంత నిండుగా నవ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఏంటి మాస్టారూ, లిఫ్టు చచ్చి వేలాడుతుంటే మీకు నవ్వొస్తోందా?"

"పోయాడనుకుని నీళ్ళు వదిలేసినవాడు వీధిమలుపులో ఎదురుపడితే ఏడుస్తారా తల్లీ?"

"ఎవరు ఎదురుపడ్డారు?"

గడియారం దీపంవైపు గడ్డం ఎత్తి చూపించాడు.

ఆ దీపం కథ ఇద్దరికే తెలుసు. ఆ రోజుల్లో ఇల్లాలు పరీక్షల గదినుంచి ఆయన గదికి టీ తెచ్చేది. రెండు చేతుల్లో రెండు కప్పులు. తలుపు తట్టడానికి చెయ్యి ఖాళీ ఉండదు కదా, మోచేత్తో రెండుసార్లు తట్టి, కాలితో ఒక తన్ను తన్నేది. టక్ టక్... టక్. మోచెయ్యి త్వరగా, కాలు కాస్త ఆలస్యంగా. చిప్పు బతికి ఉందని చెప్పడానికి ఏదో ఒక దీపం కొట్టుకోవాలి, ఎలాగైనా కొట్టుకోవచ్చు. ప్రపంచంలో ప్రోగ్రామర్లందరూ వెలుగు, ఆరు, వెలుగు, ఆరు అని రాసుకుంటారు. గడియారం మాత్రం పెళ్ళాం తలుపు తట్టినట్టు రాసుకున్నాడు.

కాబట్టి ఆ పెట్టెలో ఉన్నది తన సిస్టమే. తీసేశామన్నది, పాతబడిందన్నది, కొత్తది తెప్పించామన్నది, అన్నీ చక్కెరనోటి పలుకులే. ఇంకొకడైతే ఈ పాటికి పెట్టె తలుపు విరగ్గొట్టి, లాయరు గుమ్మం తొక్కి ఉండేవాడు. గడియారానికి అలాంటి ఊహే తట్టలేదు. ఎన్నేళ్ళుగానో తన పిల్ల ఎన్ని భవనాల్లో ఎంతమందిని మోసుకుంటూ తిరుగుతోందో అని తలుచుకుని లోపల్లోపల పొంగిపోయాడు. ఆయన స్వభావమే అంత. ఉద్యోగం పోయాక ఇంట్లో బట్టలుతికే మెషీను విప్పి, అందులో తన సిస్టమ్ ఎక్కించి, అది సగం ఉతికి ఆగిపోతే, "ఏమండీ, మీ శిష్యుడు ధ్యానంలోకి వెళ్ళాడు, ఓసారి వచ్చి లేపండి" అని ఇల్లాలు కేకేస్తే, పరిగెత్తుకెళ్ళి మురిసిపోతూ లేపినవాడు. ఒక చిన్న చిప్పు, ఒక తీగ, ఒక పాడైపోయిన వస్తువు ఇచ్చి కూర్చోబెడితే ఆయనకు లోకంతో బాకీలేం ఉండవు. ఆయన తరఫున కోపం తెచ్చుకునే పని మొదటినుంచీ ఇల్లాలిదే.

దీపం ఇంకోసారి కొట్టుకుంది. ఆయన మొహంలో నవ్వు ఆగింది.

"ఏమైంది మాస్టారూ?"

"తప్పు" అన్నాడు గడియారం. "ఇది వెలగకూడదు."

"వెలిగితే బాగున్నట్టని కంపెనీవాళ్ళు చెప్పారే."

"అందుకే తప్పంటున్నా. లిఫ్టు చచ్చింది. ఇది నవ్వుతోంది."

కరెంటమ్మ తిరగేసిన పెయింటు డబ్బా మీద కూర్చుంది. "నాకు అర్థమయ్యేటట్టు చెప్పండి. సాయంత్రం ఆ మంచాలు తోసుకెళ్ళేది నేను పనిచేసే ఆస్పత్రి వాళ్ళు. లోపల ఇరుక్కుంటే నన్నే పిలుస్తారు."

గడియారం కాసేపు ఆలోచించాడు. చదువుకున్నవాళ్ళకి చెప్పేటట్టయితే తెరమీద నాలుగు డబ్బాలు గీసి బాణాలు పెట్టాలి. ఈ అమ్మాయికి చెప్పడం తేలిక.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు, విన్నావా?"

"మా అమ్మ రోజూ అంటుంది."

"నా సిస్టమ్ వడ్డించేవాడు. వడ్డించేది అన్నం కాదు, సమయం. మొదటి బంతిలో ప్రాణంమీదికొచ్చే పనులు, బ్రేకు, మోటారు. వాళ్ళు తిని లేచాక రెండో బంతి, తలుపులు, మీటలు. ఆ తర్వాత ఇంకొకళ్ళు. అందరూ తిన్నాక చివర్న ఒకడు కూర్చుంటాడు. వాడికి ఏ పనీ లేదు. ఎవరికీ అక్కర్లేని సమయం మిగిలితేనే వాడి ఆకులో పడుతుంది. వాడి పేరు కడబంతి."

"పనిలేనివాడికి ఆకెందుకు?"

"పనిలేనివాడే అసలైనవాడు. వాడిదాకా వడ్డన వచ్చిందంటే ముందున్నవాళ్ళందరూ తిన్నట్టే కదా? అందుకని దీపం వాడి చేతికిచ్చాను. ఇంకో సంగతి. చిప్పులో ఒక కాపలా కుక్క ఉంటుంది. ఇంగ్లీషులో వాచ్‌డాగ్ అంటారు, కుక్కని కుక్కంటే తప్పేముంది? దానికి మాటిమాటికీ ఇంత ముద్ద పడుతుండాలి. పడకపోతే కరుస్తుంది. కరిచిందంటే చిప్పు మొత్తం ఉలిక్కిపడి నిద్రలేచి మళ్ళీ మొదటినుంచి పని మొదలెడుతుంది. ఆ ముద్ద పెట్టే పని కూడా కడబంతిదే. ఎక్కడో ఎవడో ఒకడు లేవకుండా భోంచేస్తూనే ఉన్నాడనుకో..."

"కడబంతికి అన్నం రాదు. వాడు తినకపోతే కుక్కకి ఎంగిలాకు పడదు. కుక్క వచ్చి అందరినీ కరిచి లేపుతుంది" అంది కరెంటమ్మ. "బావుంది. మా ఇంట్లో కూడా ఒక కుక్కని పెట్టాలి."

"నువ్వు ప్రోగ్రాములు రాయొచ్చు."

"మరి ఇప్పుడు కుక్క ఎందుకు కరవలేదు?"

"అదే నా బాధ. ఎవరో కడబంతిని పీకేసి, దీపాన్నీ కుక్క గిన్నెనీ పట్టుకెళ్ళి గంట కొట్టేవాడి చేతిలో పెట్టారు. చిప్పులో టైమరని ఒకడుంటాడు, గంట కొట్టడమే వాడి పని. ఇల్లు తగలబడుతున్నా గంట కొడతాడు. కొట్టినప్పుడల్లా కుక్కకో ముద్ద వేస్తాడు. కుక్కకి కడుపు నిండుతోంది, దీపం వెలుగుతోంది. లోపల అందరూ చచ్చినా బయటికి నిండు సంసారమే."

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది. తెలివితక్కువవాడికి ఆ తప్పు చెయ్యడమే చేతకాదు.

"తెలిసినవాడి పనే" అన్నాడు గడియారం, తనలో తాను అనుకున్నట్టు.

*

మెట్లమీద రొప్పు వినబడింది. ముందు రొప్పు, తర్వాత చెప్పుల చప్పుడు, ఆ తర్వాత అత్తరు వాసన, అన్నిటికన్నా చివర్న చక్కెరనోరు. ఇస్త్రీ చొక్కా వీపుకి అంటుకుపోయింది. తలుపు చెక్క పట్టుకుని కాసేపు గాలి మింగి, గడియారాన్ని చూసి, మిగిలిన గాలిని తేనెలో ముంచి వదిలాడు.

"బావగారూ! మీరా! ఎంత అదృష్టం! చిక్కిపోయారు. అక్క ఎలా ఉంది?"

"మెట్లెక్కి వచ్చావా?"

"ఏం చెయ్యను మరి, లిఫ్టు లేదుగా."

"ఎవరి లిఫ్టు?"

"మనదే బావగారూ."

"ఓహో. నడిచినంతకాలం నీది. ఆగాక మనదా?"

కరెంటమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

చక్కెరనోరు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "మీరెందుకు శ్రమపడి వచ్చారు? మా వాళ్ళు చూస్తారు. సాయంత్రంలోపు..."

"ఈ దీపం ఎవరిది?"

"దీపమా? ఏ లిఫ్టు పెట్టెలోనైనా ఒక దీపం ఉంటుంది బావగారూ."

"మీ అక్క తలుపు తట్టే చప్పుడు కూడా ఏ లిఫ్టు పెట్టెలోనైనా ఉంటుందా?"

చక్కెరనోరు పెట్టెలోకి చూశాడు. టక్ టక్... టక్. ఎన్నేళ్ళుగా తన సొంత సరుకులో కొట్టుకుంటున్న దీపాన్ని ఆయన ఆ రోజే మొదటిసారి చూసినట్టున్నాడు. చిన్నప్పుడు ఒకే ఇంట్లో పెరిగినవాడు. అక్క అలా తలుపు తన్నే చప్పుడు చెవులకి కొత్తేం కాదు.

"తీసేద్దామనే అనుకున్నాను" అన్నాడు చివరికి. గొంతులో చక్కెర పాలు తగ్గింది. "ఖరీదైన సిస్టమ్ తెప్పించాను, అబద్ధం కాదు. తెచ్చినవాళ్ళు తెరలమీద రంగురంగుల బొమ్మలు చూపించారు. తీరా చూస్తే అది మన చిప్పులో పట్టలేదు. చిప్పు పెద్దది వేస్తే మోటారుతో పడలేదు. వాళ్ళు బొమ్మలు చుట్టుకుని వెళ్ళిపోయారు. మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు బావగారూ. మీదే ఉంచేసి, పైన కొత్త పేరు వేయించాను."

"ఏం పేరు?"

చక్కెరనోరు తటపటాయించాడు. "మహాగతి."

"ఏ గతీ లేక పెట్టుకున్న పేరా సార్?" అంది కరెంటమ్మ.

గడియారం పకాలున నవ్వాడు. ఆ నవ్వు చూసి చక్కెరనోటికి ధైర్యం వచ్చింది. చప్పున దగ్గరికి జరిగాడు. "మీరు మళ్ళీ రావాలి బావగారూ. ముఖ్య సలహాదారు. విడిగా గది, గుమ్మం మీద బోర్డు..."

"బోర్డు మీద ఏం రాయిస్తావు, మహాగతి అనా? కుర్చీ నీ దగ్గరే ఉంచుకో. నాకు కావలసింది నీ భుజాన ఉన్న సంచిలో ల్యాప్‌టాప్. దీని ప్రోగ్రాము మొత్తం అందులో ఉంటుంది కదా, ఇలా తే."

"అది కంపెనీ రహస్యం..."

"నేను రాసిందే నా దగ్గర రహస్యమా? సరే, పద తల్లీ, పోదాం. సాయంత్రం ఆ మంచాల్ని ఈయనగారు భుజాలమీద మోస్తారు."

ల్యాప్‌టాప్ సంచిలోంచి బయటికి వచ్చింది.

*

గడియారం పెయింటు డబ్బా మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కళ్ళజోడు ముక్కుమీదికి జారింది. మోటారు గదిలో గ్రీజు వాసన, చిన్న కిటికీలోంచి ఎండ చతురస్రంగా నేలమీద పడి ఉంది. బావమరిది, కరెంటమ్మ ఇద్దరూ ఉన్నారన్న సంగతి ఆయన మరిచిపోయాడు. పాత ఇంటికి వెళ్ళినవాడు ఏ గూట్లో ఏముందో చీకట్లో కూడా తడిమి చెప్పగలిగినట్టు, తను రాసిన ఒక్కొక్క వరుసా పలకరిస్తూ పోయాడు. ఇక్కడ మోటారుకి వంతు ఇచ్చే చోటు. ఇక్కడ ఒకడి సామాను ఇంకొకడు ముట్టుకోకుండా తాళం వేసే చోటు.

లిఫ్టు ఎందుకు ఆగిందో ముందు తేలింది. కంపెనీవాళ్ళు లిఫ్టుకి కొత్తగా మాటలు నేర్పారు. "మూడవ అంతస్తుకు స్వాగతం, దయచేసి మెల్లగా దిగండి" అని తియ్యగా పలికే పనివాణ్ణి ఒకణ్ణి తెచ్చి మధ్య బంతిలో కూర్చోబెట్టారు. వాడు స్పీకరుతో మాట్లాడి, అది సరేననేదాకా ఎదురుచూస్తాడు. స్పీకరు తీగ ఒకటి వదులైంది. అది సరే అనదు. వీడు లేవడు. వీడు లేవకపోతే వెనకున్న తలుపులకీ మీటలకీ ఆకు లేదు, వాటి కబురు అందక మోటారూ ఆగింది.

"మాటలెక్కువైతే లిఫ్టులు కూడా ఆగిపోతాయి" అన్నాడు గడియారం, బావమరిది వంక చూడకుండా.

తర్వాత కడబంతి ఇంటికి వెళ్ళాడు. వెళ్ళి, అక్కడే ఆగిపోయాడు.

ఆయన సిస్టమ్ మొత్తం నాలుగు కిలోబైట్ల జాగా. బైటంటే చిప్పులో ఒక అక్షరం పట్టేంత నేల. ఆ రోజుల చిప్పుల్లో అంతకంటే ఇచ్చేవాళ్ళు కాదు. అన్నీ సర్దాక చివర్న నలభై ఎనిమిది బైట్ల మూల ఒకటి మిగిలింది. దేనికీ చాలదు. వదిలేద్దామనుకుంటుంటే తలుపు టక్ టక్... టక్ మంది. ఇల్లాలు టీ కప్పు బల్లమీద పెట్టి, ఆయన మొహం చూసి, సంగతి విని, "అందరూ తిన్నారో లేదో చూసే మనిషి ఒకరు ఉండొద్దా ఇంట్లో? ఆ మూల వాడికివ్వండి" అంది. కడబంతి అని పేరు పెట్టింది కూడా ఆవిడే. ఇద్దరూ కూర్చుని ఒక్కొక్క బైటూ బేరమాడి, ఆ నలభై ఎనిమిదిలో వాణ్ణి ఇరికించారు. ఆ మడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో బయటినుంచి చూస్తే తెలియదు. పక్కవాటితో అంటుకుని ఒకే చేనులా కనిపిస్తుంది. ఆ సరిహద్దు రాళ్ళు ఎరిగినవాళ్ళు లోకంలో ఇద్దరే.

ఇప్పుడు ఆ మడి ఖాళీగా ఉంది.

ఖాళీ అంటే ఎవరో పీక్కుపోయిన ఖాళీ కాదు. సరిహద్దుకి లోపల మొదటి బైటునుంచి చివరి బైటుదాకా సున్నాలు. పక్క చేలు ఒక్క వరుస కూడా నలగలేదు. కంపెనీవాళ్ళు అన్నిచోట్లా ఇష్టమొచ్చినట్టు పాకలు వేసుకున్నారు గాని, ఆ మడిలో మాత్రం ఎవరూ అడుగు పెట్టకుండా కంచె ఉంది. మళ్ళీ ఎప్పుడైనా వాణ్ణి తీసుకొచ్చి కూర్చోబెట్టడానికి చోటు అట్టేపెట్టినట్టు. దీపాన్ని గంటవాడి చేతికిచ్చినవాళ్ళు కూడా ఆ కొట్టుకోవడం మార్చలేదు. దొంగతనానికి వచ్చినవాడు మోచెయ్యీ కాలూ లెక్క చూసుకుని మరీ దీపం పెట్టి వెళ్తాడా?

గడియారం ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. కడబంతిని ఆయన పుస్తకం చూడకుండా రాయగలడు. రాశాడు. వాడి మూలలో వాణ్ణి కూర్చోబెట్టాడు. దీపం తెచ్చి వాడి చేతికిచ్చాడు. కుక్క గిన్నె వాడి ముందు పెట్టాడు. వదులైన స్పీకరు తీగ బిగించాడు. తీగ తగిలించి కొత్త ప్రోగ్రామును చిప్పులోకి పంపాడు.

పెద్ద మోటారు గుర్రుమంది. రెండు అంతస్తుల మధ్య వేలాడుతున్న లిఫ్టు ఒళ్ళు విరుచుకుని మెల్లగా మూడో అంతస్తు చేరి తలుపులు తెరిచింది.

"అయిపోయింది!" అన్నాడు చక్కెరనోరు.

"ఏమయింది? దాన్ని చంపి చూడొద్దా?" అన్నాడు గడియారం. "బతికించానంటే ఎవడైనా నమ్ముతాడు. చంపితే లేస్తుందో లేదో చూడాలి. అసలు పరీక్ష అది."

"లోపల మనిషి ఉండగా చూడాలి" అంటూ కరెంటమ్మ లేచింది. "నేనెక్కుతా."

"వద్దు తల్లీ..."

"సాయంత్రం లేవలేనివాళ్ళని ఎక్కించేదాన్ని, ఇప్పుడు నేనెక్కకపోతే ఎలా?" అని మెట్లు దిగిపోయింది. కాసేపటికి ఫోన్ చేసింది. గడియారం దాన్ని పెద్దగా పెట్టి పెట్టె మీద ఉంచాడు.

"ఎక్కాను. అయిదు నొక్కాను. కదిలింది. మాస్టారూ, ఇక్కడ అద్దం బావుంది."

గడియారం స్పీకరు తీగ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ఫోన్లో "నాలుగవ అంతస్తుకు స్వా..." అని వినబడి ఆగింది. మోటారు ఆగింది. పెట్టెలో ఆకుపచ్చ దీపం ఆరిపోయింది.

చక్కెరనోరు గుండె పట్టుకున్నాడు. గడియారం ఆరిన దీపాన్ని చూసి చిన్నగా తలూపాడు. అన్నాళ్ళకి అది నిజం చెప్పింది.

"ఆగిపోయింది మాస్టారూ" అంది ఫోన్లో కరెంటమ్మ. "స్వా అని ఆగింది. మీ కుక్క తెలివిగానే ఉందా?"

"ఆకలేస్తోంది దానికి. ఉండు."

ఆ మాట పూర్తికాకముందే పెట్టెలో ఏదో టిక్కుమంది. దీపాలన్నీ ఒక్కసారి వెలిగి ఆరాయి. మోటారు గుర్రుమంది. నిద్రలేచిన లిఫ్టు ఎక్కడున్నానా అని తడుముకుని, ముందు మనిషిని దించాలన్న మొదటి నియమం గుర్తుతెచ్చుకుని, దగ్గరున్న అంతస్తుకు పాకి తలుపులు బార్లా తెరిచింది.

"కరిచింది! కరిచింది మాస్టారూ!" కరెంటమ్మ కేక ఫోన్లోనూ మెట్లమీదుగానూ ఒకేసారి వినబడింది. "నాలుగులో దిగాను! స్వాగతం ఎవరూ చెప్పలేదు, నేనే చెప్పుకున్నా!"

గడియారం హాయిగా గోడకి చేరబడ్డాడు. స్పీకరు తీగ మళ్ళీ గట్టిగా బిగించాడు. జవాబు రాకపోతే నాలుగు క్షణాలు చూసి నోరుమూసుకుని లేచిపొమ్మని ఆ మాటలవాడికి కూడా బుద్ధి నేర్పాడు. దీపం మళ్ళీ మొదలైంది. టక్ టక్... టక్. ఇప్పుడది కడబంతి వాడి చేతిలో ఉంది. అందరూ తిన్నారు.

*

"ఎవరు?" అన్నాడు గడియారం.

గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. చక్కెరనోరు ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటూ వినబడనట్టు నటించాడు.

"కడబంతిని పీకింది ఎవరు?"

"నేను కాదు బావగారూ. మీమీద ఒట్టు."

"నీ ఒట్టు తీసి గట్టుమీద పెట్టు. నువ్వు కాదని నాకూ తెలుసు. నీకంత పనితనం ఎక్కడిది? ఎవరని అడుగుతున్నా."

"చెప్పను. మాటిచ్చాను."

గడియారం కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. "నువ్వు మాటిచ్చి నిలబెట్టుకున్నావా? ఆ పుణ్యాత్ములెవరో చూడాలని ఉందిరా."

చక్కెరనోరు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. మళ్ళీ నోరు తెరిచేసరికి గొంతులో తీపి లేదు.

"మీరు మంచంమీద ఉన్నారు. ఆ నెలల్లోనే మేం లిఫ్టులకి మాటలు పెట్టాం. పెట్టిన దగ్గరనుంచీ ఆగడం, కుక్క కరవడం, మళ్ళీ మొదలవడం. కొన్నవాళ్ళు మామీద పడ్డారు. మిమ్మల్ని తీసుకురమ్మని అందరూ ఒకటే గొడవ. డాక్టరు మీరు కదలకూడదన్నాడు. నేను వినలేదు బావగారూ. మంచంతోసహా ఎక్కించి తెచ్చేద్దామని మీ ఇంటికి బండి పంపడానికి సిద్ధం చేశాను. ఆ పొద్దున పరీక్షల గదిలోంచి కొత్త ప్రోగ్రాము వచ్చింది. కుక్క కరవడం మానేసింది. బండి వెనక్కి పంపేశాను."

"పరీక్షల గదిలోంచి" అన్నాడు గడియారం.

చక్కెరనోటి నోరు మూతపడింది. బతుకులో మొదటిసారి కాబోలు.

ఎండ చతురస్రం గోడ ఎక్కింది. తనని పీకేశారని బావమరిదిని అందరికన్నా గట్టిగా తిట్టిన నోరు, వంటింట్లో, పడగ్గదిలో, బంధువుల మధ్య ఇన్నేళ్ళూ ఆగకుండా తిట్టిన నోరు, కడబంతిని తీసిన చెయ్యి ఒకే మనిషివి. గడియారానికి దిగులు వేయలేదు. ఏం వేసిందో చెప్పడం కష్టం. నిద్రపోతున్నప్పుడు ఎవరో దుప్పటి కప్పి వెళ్ళారని మెలకువ వచ్చాక తెలిసినట్టు ఉంది.

ఫోన్ మోగింది. ఇల్లాలు.

"ఏమండీ, నడిచిందా? ఆ చక్కెరనోరు వచ్చాడా? నా తమ్ముడని మొహమాటపడకండి, నాలుగు దులిపి పంపండి. వినబడుతోందా?" వెనక కుళాయి నీళ్ళ చప్పుడు, గిన్నెల చప్పుడు.

"నడిచింది. పెట్టెలో ఉన్నది మన సిస్టమే."

"మనదా? తీసేశామన్నాడే!"

"పేరు మార్చి ఉంచుకున్నాడు. దీపం కూడా మనదే. నువ్వు తలుపు తట్టినట్టే కొట్టుకుంటోంది."

అటువైపు కుళాయి ఆగింది. గిన్నెలు ఆగాయి. మళ్ళీ మాట్లాడేసరికి ఆవిడ గొంతు బాగా తగ్గింది, పడుకున్నవాళ్ళని లేపకూడదన్నట్టు.

"అన్నీ ఉన్నాయా లోపల? ఏమైనా పోయిందా?"

గడియారం దీపంవైపు చూశాడు. బావమరిది కిటికీలోంచి ఇటు తిరిగాడు.

"నలభై ఎనిమిది బైట్లు" అన్నాడు గడియారం.